‘రాను’లో ‘కాదు’ ఎక్కడుంది?

‘రా’ అంటే ఏమిటో అందరికీ తెలుసు. ఎదుటి మనిషిని పిలిచే మాట. ‘ను’ అంటే నేను అని గుర్తు. వస్తాను, చేశాను, విన్నాను, అన్నింటి చివరా అదే కూర్చుంటుంది. ఇప్పుడు రెంటినీ పక్కపక్కన పెట్టండి. రా, ను. ‘రాను’. లెక్క ప్రకారం ‘నేను వస్తా’ అనే అర్థం రావాలి. వచ్చింది మాత్రం దానికి సరిగ్గా ఎదురు. కుదరదన్న సంగతి ఎక్కణ్నుంచి ఊడిపడింది? ‘రా’లో లేదు, ‘ను’లో లేదు. మధ్యలో వెతుకుదామంటే అసలు మధ్య అనేదే లేదు.

దీనికి జవాబుంది. కానీ కొంచెం చుట్టు తిరిగి రావాలి.

మాటని విడగొట్టుకుంటూ పోతే, ఇంక విడగొడితే అర్థం చెదిరిపోతుంది అనిపించే చోటు ఒకటొస్తుంది. అక్కడ చేతిలో మిగిలినదాన్ని భాషాశాస్త్రంలో పదాంశం అంటారు, ఇంగ్లీషులో మార్ఫీమ్. ‘చెట్లకి’ అనే మాటలో మూడున్నాయి: చెట్టు, ఒకటి కాదు ఎక్కువ అని చెప్పే ‘లు’, ఆపైన ‘కి’. చిన్నప్పుడు చదువుకున్న ధాతువు, ప్రత్యయం, ఉపసర్గ, విభక్తి లాంటివన్నీ పదాంశాల్లో రకాలే. నిర్వచనం ఒక్క వాక్యంలో అయిపోయింది. దాన్ని చేత్తో పట్టుకుని నిజం మాటల మీదికి వెళ్లినప్పుడే అసలు తంటా.

మొదటి తంటా, కనబడ్డ ముక్కల్లా పదాంశం కాదు. ఒకసారి నేను రాసుకున్న వ్యాసంలో ‘కల’ అన్న మాట మరీ ఎక్కువైందనిపించి, కంప్యూటర్‌కి ఒకేసారి పని చెప్పాను: ‘కల’ ఉన్నచోటల్లా ‘స్వప్నం’ పెట్టు అని. అది బుద్ధిగా చెప్పిన పని చేసింది. ‘కలవరం’ కాస్తా ‘స్వప్నంవరం’ అయింది, ‘సకలజనులు’ ‘సస్వప్నంజనులు’ అయ్యారు. మొత్తం మళ్లీ చేత్తో సరిచేసుకోవాల్సొచ్చింది. కలవరంలో కల లేదు, వరమూ లేదు. మందారంలో దారం లేదు. ఈ సంగతి నాకు ఎవరూ నేర్పలేదు, మీకూ నేర్పి ఉండరు. కలవరం అన్న మాట విన్నప్పుడు మన బుర్ర దాన్ని ఒకే ముద్దగా తీసుకుంటుంది. యంత్రానికి కనిపించేది అక్షరాల వరస, మనకి వినిపించేది పదాంశాల వరస.

ఇంకా దగ్గరగా చూడాలంటే ‘వేలు’ తీసుకోండి. వేలు తెగింది. వేలు ఖర్చయ్యాయి. రాతలో తేడా లేదు, పలకడంలోనూ లేదు. కానీ మొదటి వేలు ఒక్క పదాంశం. దాని చివరున్న ‘లు’కి ఏ అర్థమూ లేదు, కాలు, పాలు (వాటా) చివరున్న ‘లు’ లాగే. రెండో వేలులో రెండున్నాయి, వెయ్యి, బహువచనపు ‘లు’. ఎలా తెలిసింది? పోల్చి చూస్తే. మొదటిదాన్ని ఎక్కువ చేస్తే ‘వేళ్లు’ అవుతుంది, రెండోది అప్పటికే ఎక్కువ. ‘తెగింది’, ‘అయ్యాయి’ అనే క్రియలు కూడా సాక్ష్యం చెబుతున్నాయి. మాటని బల్లమీద పెట్టి ఎంత తేరిపార చూసినా ఈ రహస్యం చెప్పదు. దాని పక్కన ఇంకో నాలుగు మాటలు పెడితేనే చెబుతుంది.

పదాంశం ఎంత చిన్నదైనా కావచ్చు. ‘వాడు’ని వాడూ, వాడే, వాడా, వాడో అని చూడండి. మారింది ఒక్క అచ్చు. దాంతోపాటు ‘కూడా’, ‘మరొకరు కాదు’, ‘అవునా’, ‘ఏమో’ అనే నాలుగు అర్థాలు వచ్చిపడ్డాయి. పెద్దదీ కావచ్చు. ‘కలవరం’ మనకి ఒక్కటే కదా, ఎన్ని అక్షరాలున్నా.

రెండో తంటా వేషాలు. బహువచనం అంటే ‘లు’ అని తేలిగ్గా అనేస్తాం. చెట్టు చెట్లవుతుంది, సరే. పుస్తకం పుస్తకాలవుతుంది. ఇల్లు ఇళ్లు, కన్ను కళ్లు, పేను పేలు, చెయ్యి చేతులు, పెళ్లి పెళ్లిళ్లు. ‘లు’ కొన్నిచోట్ల ‘ళ్లు’ అయింది. దానికంటే పెద్ద అల్లరి దాని ముందున్న మాట చేస్తోంది. ‘చెయ్యి’లో లేని ‘త’ ‘చేతులు’లోకి, ‘చేతికి’లోకి ఎలా వచ్చింది? చెయ్-, చేత్- రెండూ ఒకే పదాంశానికి రెండు వేషాలనుకుంటేనే లెక్క కుదురుతుంది. ఇలాంటి వేషాలని సపదాంశాలు అంటారు. ఇంగ్లీషూ అంతే. అక్కడ బహువచనానికి ఒకటే ‘ఎస్’ అని రాస్తారు గానీ, నోటితో అనేటప్పుడు క్యాట్స్‌లో ‘స్’, డాగ్స్‌లో ‘జ్’, బస్సెస్‌లో ‘ఇజ్’.

ఈ వేషాల సూత్రాలు బట్టీ పట్టినవి కావని 1958లో జీన్ బెర్కో అనే అమెరికన్ భాషాశాస్త్రవేత్త చిన్నపిల్లల మీద పరీక్షించి చూపించింది. పిట్టలాంటి ఒక బొమ్మ గీసి, ఇది ‘వగ్’ అని చెప్పింది. తర్వాత రెండున్న బొమ్మ చూపించి, ఇప్పుడు ఏమున్నాయి అని అడిగింది. ఆ మాట పిల్లలు పుట్టాక ఎప్పుడూ విన్నది కాదు, ప్రపంచంలోనే లేదు. అయినా ఎక్కువమంది ‘వగ్‌జ్’ అన్నారు. మీరూ ప్రయత్నించండి. ‘జొంబకం’ అని ఒక వస్తువుందనుకుందాం. అలాంటివి మూడున్నాయి. మూడు... ఏమిటి? జొంబకాలు. ‘జొంబకంలు’ అని మీ నోట రాలేదు. సున్నా పోయి దీర్ఘం ఎందుకొచ్చిందో చెప్పమంటే చాలామంది చెప్పలేరు, అనడం మాత్రం తప్పరు.

వేషాల్లో నాకు బాగా ఇష్టమైనవి అంకెల్లో ఉన్నాయి. ఇరవై, ముప్పై, నలభై, యాభై, అరవై, డెబ్బై, ఎనభై, తొంభై. చివర వై, ప్పై, భై, బ్బై. పాత పుస్తకాల్లో ఇవే ఇరువది, ముప్పది, నలుబది, అరువది అని కనిపిస్తాయి. అంటే ‘వై’ అన్నా ‘బ్బై’ అన్నా అది పదే. రెండు పదులు, మూడు పదులు. మరి ముందున్న ‘ఇర’? అది రెండు. ఇరువురు, ఇరుపక్కలు అన్నప్పుడు తొంగిచూసేదే. రెండుకి ‘ఇరు’ అనే వేషం ఎందుకుందంటారా? తమిళంలో రెండుని ‘ఇరండు’ అంటారు. తెలుగు ఆ ముందరి అచ్చుని వెనక్కి నెట్టేసి ‘రెండు’ అనుకుంది. తమిళుల ‘ఉరల్’ మన రోలు, వాళ్ల ‘ఉళ్’ మన ‘లో’. అచ్చు ముందు నిలబడటం తెలుగుకి ఒకప్పుడు నచ్చలేదన్నమాట.

ఈ అలవాటు తెలిస్తే మన మొదటి చిక్కులో సగం విడిపోతుంది. వచ్చాడు, వస్తాడు, రాడు, రమ్మన్నాడు. వచ్-, వస్-, రా-, ర-. నాలుగు వేషాలు, ఒకటే క్రియ. ‘వచ్’, ‘వస్’ల సంగతి సులువు: తెచ్చాడు-తెస్తాడు, ఇచ్చాడు-ఇస్తాడు, చచ్చాడు-చస్తాడు, అన్నిట్లోనూ ‘త’ ముందు ‘చ్చు’ ‘స్’ అవుతుంది. కానీ ‘వచ్చు’కీ ‘రా’కీ చుట్టరికం ఏమిటి? ఒక్క శబ్దం కూడా కలవదు. ఎక్కడిదో వేరే మాట తెచ్చి అతికించారని అనిపిస్తుంది. ఇంగ్లీషులో అలా నిజంగానే జరిగింది: ‘గో’కి గతంగా వాడే ‘వెంట్’ ఇంకో క్రియ దగ్గర్నుంచి తీసుకున్నది. మన ‘రా’ మాత్రం పరాయిది కాదు. తమిళంలో ఈ క్రియ ‘వా’, ‘వరు’. ద్రావిడ భాషల చరిత్ర తవ్విన భద్రిరాజు కృష్ణమూర్తి లాంటివారు చూపించిన దారి ఇది: ‘వర్’ పక్కన ‘అ’ చేరింది, పాత అలవాటు ప్రకారం అచ్చు వెనక్కి జరిగి ‘వ్రా’ అయింది, ముందున్న ‘వ’ రాలిపోయి ‘రా’ మిగిలింది. మధ్యలో ‘వ్రా’ ఊహ అనుకోనక్కర్లేదు. రాయడానికి తమిళంలో ‘వరై’ అనే మాట ఉంది, మన పాత పుస్తకాల్లో ‘వ్రాయు’, ఇప్పుడు ‘రాయు’. మూడు మెట్లూ కళ్లెదుటే ఉన్నాయి. ‘వచ్చు’లో మిగిలిన ‘వ’, ‘రా’లో మిగిలిన ‘ర’, రెండూ ఒకే వేరు వదిలిన గుర్తులు.

ఇక మిగతా సగం. రాను పక్కన చేయను, వినను, అడగను పెట్టండి. చేయ్-అ-ను, విన్-అ-ను, అడగ్-అ-ను. కాదన్న అర్థాన్ని మోసేది మధ్యలో ఉన్న ‘అ’. (‘వినబోతాను’లో కూడా ‘అ’ ఉంది, అందులో కాదనడం లేదు. అది వేరే ‘అ’. వేలు కథే మళ్లీ.) ‘రా’కి అప్పటికే దీర్ఘం ఉంది కాబట్టి ఆ ‘అ’ వచ్చి అందులో కలిసిపోయింది. పోను, లేను కూడా ఇంతే. శబ్దం పోయింది, అర్థం మిగిలింది.

మరి వినేవాడికి ఎలా తెలుస్తోంది? ఖాళీని బట్టి. తెలుగులో జరిగే పని చెప్పాలంటే క్రియకీ మనిషి గుర్తుకీ మధ్య కాలం చెప్పేదేదో ఒకటి ఉండాలి. వస్-తా-ను అన్నప్పుడు ‘తా’ ఉంది. ‘రాను’లో ఆ కుర్చీ ఖాళీగా ఉంది. కుర్చీ ఖాళీగా ఉండటమే కబురు. ఈ మాటలో కాలమూ లేదని ఎప్పుడైనా గమనించారా? ‘వాడు రాడు’ అంటే రేపు రాడనీ కావచ్చు, ఎప్పుడూ రాడనీ కావచ్చు.

లేనిదాన్ని కూడా ఉన్నదానిలా లెక్కపెట్టవచ్చన్న ఆలోచన చాలా పాతది. దాదాపు 2,400 ఏళ్ల కిందట పాణిని సంస్కృతానికి రాసిన సూత్రాల్లో ‘అదర్శనం లోపః’ అని ఒకటుంది. కనబడకపోవడమే లోపం. ఒక ప్రత్యయం వచ్చింది, తన పని చేసింది, కనబడకుండా పోయింది. అయినా వచ్చినట్టే లెక్క. సుమారు 4,000 సూత్రాల ఆ వ్యాకరణం మాటని పుట్టించే పద్ధతే ఇది: ధాతువు, దానికి ప్రత్యయం, మధ్యలో ఆగమాలు (కొత్తగా వచ్చి చేరేవి), ఆదేశాలు (ఒకదాని బదులు వచ్చేవి), లోపాలు. మార్ఫీమ్ అన్న పేరు వచ్చింది 19వ శతాబ్దం చివర్లో, పోలండ్‌కి చెందిన బోదువాన్ ద కుర్తినే పుణ్యాన. 1933లో అమెరికాలో లెనర్డ్ బ్లూమ్‌ఫీల్డ్ దాన్ని భాషాశాస్త్రానికి పునాదిరాయి చేశాడు. పేరు కొత్తదైనా పని పాతదే.

మూడో తంటా వీటన్నిటికంటే సరదాగా ఉంటుంది. కొన్ని పదాంశాలకి సొంత ఒళ్లు లేదు. ‘పని గిని ఏమైనా ఉందా’, ‘కాఫీ గీఫీ తాగావా’, ‘టెన్షన్ గిన్షన్ పెట్టుకోకు’. ‘గిని’ అనే మాట నిఘంటువులో ఎందుకుంటుంది? అప్పటికప్పుడు పుడుతుంది, వాక్యం అవగానే పోతుంది. ‘అలాంటివి ఏవైనా’ అన్న అర్థం మాత్రం ఖాయంగా ఇస్తుంది. చేయాల్సింది ఇదీ: మాటని ఇంకోసారి అను, మొదటి అక్షరం తీసేసి ‘గి’ పెట్టు, అక్కడ దీర్ఘం ఉంటే ‘గీ’ పెట్టు. ముక్క కాదిది, వంటకం రాసిపెట్టినట్టు ఒక పద్ధతి. ‘గిన్నె’ని ఇలా తిప్పి చూడండి, ఇబ్బంది మీకే తెలుస్తుంది.

పట్టపగలు, నట్టనడుమ, చిట్టచివర, మొట్టమొదట, బట్టబయలు కూడా ఈ జాతే. మాటని రెండుసార్లు అని, ముందరిదాంట్లో మొదటి అచ్చు తర్వాత ఉన్నదంతా తుడిచేసి ‘ట్ట’ పెట్టడం. చిన్నయసూరి 1858 నాటి తన వ్యాకరణంలో దీన్ని ఒకే ఒక్క సూత్రంలో చుట్టేశాడు, పరీక్షల కోసం ద్విరుక్తటకారం అని బట్టీ పట్టినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. దీన్ని సంధి కింద కట్టేయడం నాకెప్పుడూ కొంచెం అన్యాయంగానే అనిపిస్తుంది. సంధి అంటే రెండు శబ్దాలు పక్కపక్కన పడి సర్దుకోవడం. ఇక్కడ ‘ట్ట’ సర్దుబాటు కోసం రాలేదు, ‘సరిగ్గా అదే’ అని నొక్కి చెప్పడానికి వచ్చింది.

అరబ్బీలో ఈ ఒళ్లులేనితనమే నియమం. అక్కడ వేరు అంటే మూడు హల్లులు, వాటి మధ్య అచ్చులు అల్లుకుంటాయి. క-త-బ అంటే రాత. కితాబ్ పుస్తకం, కాతిబ్ రాసేవాడు, మక్తూబ్ రాసినది. వ-క-ల అనే వేరు నుంచి వచ్చిన రెండు మాటలు మనమూ రోజూ వాడుతున్నాం, వకీలు, వకాల్తా. ఇందులో కత్తెర ఎక్కడ పెడతారు? వేరూ అచ్చులూ పడుగుపేకల్లా కలిసి ఉన్నాయి. టర్కిష్‌లో ఇలాంటి బాధ లేదు. ‘ఎవ్‌లెరిమిజ్‌దెన్’ అంటే మా ఇళ్ల నుంచి: ఎవ్ ఇల్లు, లెర్ మన ‘లు’, ఇమిజ్ మా, దెన్ నుంచి. పూసలు గుచ్చినట్టు. తెలుగూ పూసలు గుచ్చే భాషే. ‘చెప్పించుకోలేకపోయినవాళ్లకి’ ఒక్క మాటే. చెప్పు, ఇంచు, కో, లే, క, పో, ఇన, వా, ళ్లు, కి అని పది లెక్క తేలుతుంది. కాకపోతే మన పూసలు ఒకదాన్నొకటి అరగదీసుకుంటాయి.

ఇక ‘అర్థవంతమైన అతిచిన్న ముక్క’ అన్న నిర్వచనంలో మిగిలిన మాట, అర్థం. అదీ గట్టిది కాదు. ఆహారం, విహారం, సంహారం, ప్రహారం, పరిహారం. అన్నిట్లో ‘హారం’ ఉంది. దాని అర్థం ఏమిటి? తీసుకెళ్లడం అని ధాతువుకి అర్థం చెబుతారు. దానికి ‘వి’ కలిపితే షికారు, ‘సమ్’ కలిపితే చంపడం. ఏ కూడికకీ అందదు. ఇంగ్లీషులో రిసీవ్, డిసీవ్, పర్సీవ్ ఇంకా అన్యాయం, ‘సీవ్’కి ఇంగ్లీషులో అర్థమే లేదు. అయినా రిసెప్షన్, డిసెప్షన్, పర్సెప్షన్ అని మూడూ ఒకేలా మారతాయి. అర్థం లేకపోయినా ఆ మూడు చోట్లా ఉన్నది ఒకటే అని ఆ మార్పు చెబుతోంది. మార్క్ ఆరొనాఫ్ అనే భాషాశాస్త్రవేత్త 1976లో ఇది ఎత్తిచూపాక పదాంశం అంటే అర్థం ఉండి తీరాలన్న పట్టు చాలామందికి సడలింది. ఇంకొందరు ఓ అడుగు ముందుకేసి, ముక్కలనే ఆలోచనే వద్దు, మాటకీ మాటకీ మధ్య సంబంధాలు చూస్తే చాలంటారు. వాళ్లతో పూర్తిగా పోలేను గానీ, ‘గిని’ గురించి ఆలోచించినప్పుడు వాళ్ల మాటా నిజమే అనిపిస్తుంది.

ముక్కల్లో బతికున్నవీ పోయినవీ ఉంటాయి. ‘తనం’ బతికుంది: మంచితనం, పిచ్చితనం, నిన్నమొన్న వచ్చిన లేజీతనం. కలిమి, లేమి, ఓరిమి, చెలిమిల్లోని ‘మి’ని గుర్తుపట్టగలం, దాంతో కొత్త మాట మాత్రం చేయలేం. ఎల్ల దాటేటప్పుడు పోయేవీ ఉన్నాయి. ఇంగ్లీషు చిప్స్‌లో ‘స్’ బహువచనం. తెలుగులోకి వచ్చేసరికి అది మొద్దుబారింది, అందుకే ‘చిప్స్‌లు’ అంటాం. నవ్వేవాళ్లు నవ్వుతారు, కానీ తెలుగు లెక్కలో అది తప్పేమీ కాదు.

పుట్టేవి కూడా ఉన్నాయి. ‘వేయు’ అంటే విసరడం, పడవేయడం. ‘పారేశాడు’లో ఆ విసురు ఇంకా ఉంది. ‘చదివేశాడు’లో విసరడానికి ఏముంది? ‘వచ్చేశాడు’లో అసలే లేదు. ‘వ’ ఊడిపోయి, విసురు పోయి, ‘అయిపోయింది’ అని చెప్పే ‘ఏ’ మిగిలింది. ఒకప్పటి నిండు క్రియ మన కళ్లముందే ప్రత్యయంగా కుదించుకుపోతోంది.

‘కదా’ ఆ దారిలో ఇంకా దూరం వెళ్లింది. అది ‘కాదా’, అంటే కాదు, దానికి ప్రశ్న వేసే ‘ఆ’. ఆ ‘కాదు’లోనూ ‘రాను’లో లాగే ఒక ‘అ’ కరిగిపోయి ఉంది. వాడగా వాడగా దీర్ఘం పోయింది, కాదన్న అర్థమూ పోయింది. ‘రేపు వస్తావు కదా?’ అని ఒకరడిగారు, ‘రాను’ అని ఇంకొకరన్నారు. ‘కాదు’ అనే మాట ఉన్నది ప్రశ్నలో, కాదనడం ఉన్నది జవాబులో.